నా పాత పేజీ వెంట రాయచోటి దాకా

బయల్దేరక ముందు

దేవుణ్ణి చూడ్డానికి ప్రయాణం కట్టేవాళ్ళున్నారు. చుట్టాల్ని చూడ్డానికి కట్టేవాళ్ళున్నారు. నేను మాత్రం జనాన్ని తిట్టి రావడానికి కర్నూలు, కడప జిల్లాలకు వెళ్ళాను. అయిదు రోజులు తిరిగి వచ్చాను. వచ్చి మూడు వారాలైనా కోపం తగ్గలేదు. కాకపోతే వెళ్ళేటప్పుడు ఎవరి మీద ఉందో, వచ్చేటప్పుడు వాళ్ళ మీద లేదు.

నా ఉద్యోగం ఏమిటో మా అమ్మకే ఇంతవరకూ అర్థం కాలేదు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్ళు వేరు. ఆ ప్రోగ్రాం ఎలా వాడాలో వివరించి రాసేదాన్ని నేను. మిక్సీ కొంటే డబ్బాలో ఒక చిన్న పుస్తకం వస్తుంది చూడండి, ఎవరూ తెరవకుండా అటక మీద పడేస్తారు. అలాంటివి రాస్తానన్నమాట, ఇంగ్లీషులో. హైదరాబాదులో మా కంపెనీ రైతు సంఘాల కోసం ఒక సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముతోంది. ఏ రైతుకి ఎన్ని మూటల విత్తనం కావాలో ముందుగా పేర్లు ఎక్కించుకునే జాబితా అది. నా పుస్తకాన్ని అచ్చు వేసి సంఘాలకు పంపుతారు, ఇంటర్నెట్‌లోనూ పెడతారు.

ప్రతి ఏడూ జూన్ వచ్చేసరికి రాయలసీమ నుంచి ఫోన్లే ఫోన్లు. జాబితా పోయింది, మొత్తం పోయింది, ఏం చేయాలి అని. మా మేనేజరుకి ఒకే జవాబు వచ్చు. జనం చదవరు అంటాడు. నేనూ అదే పాట పాడేదాన్ని. అంత కష్టపడి రాస్తే చదవరేం అని పళ్ళు కొరుక్కునేదాన్ని.

ఈసారి రాయచోటి సంఘం నుంచి ఏకంగా ఉత్తరమే వచ్చింది. మా ఆపరేటరు రెడ్డెమ్మ జాబితా అంతా తుడిచేసింది, మీరు చెప్పినట్టే చేశానంటోంది, మీ పుస్తకంలో అలా లేదని రాసిస్తే ఆమెను తీసేస్తాం అని సెక్రటరీ రాశాడు. మేనేజరు ఆ ఉత్తరం నా చేతిలో పెట్టి, వెళ్ళి రాసిచ్చి రమ్మన్నాడు. దారిలో మన సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళెవరైనా తగిలితే వాళ్ళకి చదవడం నేర్పి రమ్మన్నాడు. మూడేసి వందల పేజీల పుస్తకాలు అయిదింటిని సంచీలో పెట్టుకుని, ఉక్రోషంతో బస్సెక్కాను.

కర్నూలు

సాయంత్రానికి కర్నూలు చేరి, బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. పొద్దున్నే వీధి చివర బండి దగ్గర ఉగ్గాని తిన్నాను. మాది తెనాలి వైపు. మా దగ్గర మరమరాలంటే పిల్లలకి పొట్లం కట్టించే చిరుతిండి. ఇక్కడ వాటిని బొరుగులంటారు. నీళ్ళలో తడిపి పిండేసి, ఉల్లిపాయల పోపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లి కడుపునిండా పెడతారు. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. అన్నీ కలిపి ఎనిమిది రూపాయలు. బజ్జీలో మిరపకాయ గింజ తీయరని నాకెవరూ చెప్పలేదు. కళ్ళ నీళ్ళు కారుస్తుంటే బండి ఆవిడ ఇంకో గుప్పెడు ఉగ్గాని వేసి, కలుపుకుని తినమంది. ఆ గుప్పెడుకి డబ్బు తీసుకోలేదు.

పక్కన నిలబడి తింటున్న ఒకాయన ఎక్కడికి ప్రయాణమని అడిగాడు. కంప్యూటర్ పని మీద నందికొట్కూరు అన్నాను. అంత చిన్న ఊళ్ళో కంప్యూటరుకేం పని అన్నట్టు నన్ను ఎగాదిగా చూశాడు. నాకూ అదే అనిపించింది గానీ, ఇంకొకరు అంటే మాత్రం ఒళ్ళు మండింది.

నందికొట్కూరు

అక్కడి సంఘంలో గుమాస్తా మద్దిలేటి. యాభై దాటినవాడు, నెమ్మదస్తుడు. రాగానే కుర్చీ వేసి, చెంబుతో మజ్జిగ ఇచ్చాడు. కంప్యూటరుకి ఎర్రగుడ్డ కప్పి, మూడుచోట్ల కుంకుమ బొట్లు పెట్టి ఉంది. దాని పక్కనే పొడుగాటి లెడ్జరు పుస్తకం. ముందు రైతు పేరు అందులో రాసి, ఆ తర్వాతే కంప్యూటర్లో కొడతాడట.

రెండు చోట్లా రాయడమెందుకు అని దబాయించాను. పోయినేడు జాబితా పోయిందనీ, అప్పట్నించీ ఇంతేననీ చెప్పాడు. పుస్తకం పంపాం కదా, ఎందుకు చదవలేదని గట్టిగానే అడిగాను. ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు.

"మీ పుస్తకం బద్రంగా ఉండాది మ్మా. బీరువాలో పెట్టి బీగం యేసినాం," అన్నాడు.

నిజంగానే వేశారు. సంఘానికి వచ్చిన ప్రతి వస్తువూ స్టాకు రిజిస్టర్లో ఎక్కాలి. కుర్చీలు, తూకం రాళ్ళు, ఫ్యాను, వాటి కింద నా పుస్తకం. పోతే గుమాస్తా జవాబు చెప్పుకోవాలి. అందుకని వచ్చిన రోజే బీరువాలోకి వెళ్ళింది. తాళం చెవి ప్రెసిడెంటు దగ్గర ఉంటుంది, ఆయన శుక్రవారం వస్తాడు. జాబితా పోయింది సోమవారం. మరి శుక్రవారం దాకా ఆగొచ్చుగా అని అడగబోయి, బయట విత్తనం కోసం వరసలో కూర్చున్నవాళ్ళని చూసి నోరు మూసుకున్నాను.

పుస్తకం లేకపోతే మరి దేన్ని చూసి చేశారంటే, గోడకి గుండుసూదులతో గుచ్చిన కాగితం చూపించాడు. జిరాక్సుకి జిరాక్సు తీసి తీసి పై వరస పూర్తిగా చెరిగిపోయింది, మిగతా అక్షరాలు బూడిదరంగుకి తిరిగాయి. ఇంగ్లీషులో నాలుగే నాలుగు వాక్యాలు. జాబితా చెడిపోతే మొదట డేటా ఫోల్డర్లో ఉన్న ఫైళ్ళన్నీ తుడిచేయండి అని మొదలయింది. చదవగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎందుకో చెప్తాను. మా సాఫ్ట్‌వేర్ మూడో వెర్షన్‌లో జాబితాకి నకలు ఫ్లాపీలో ఉండేది. జాబితా చెడిపోతే ఫోల్డర్ అంతా తుడిచేసి, ఫ్లాపీలోంచి మళ్ళీ ఎక్కించుకోవాలి. అప్పటికి అది సరైన పద్ధతే. రెండేళ్ళ కిందట నాలుగో వెర్షన్ వచ్చింది. ఇందులో ఫ్లాపీ గోల లేదు, నకలు కూడా ఆ ఫోల్డర్లోనే ఉంటుంది. ఇప్పుడు ఫోల్డర్ తుడిస్తే జాబితా, నకలు రెండూ గంగలో కలిసినట్టే. ఎవడో తెలిసీ తెలియనివాడు పాత పద్ధతిని కాగితం మీద రాసి ఊరి మీదికి వదిలాడు. పైగా రాత మాత్రం పొందిగ్గా, ఒక్క మాట ఎక్కువ లేకుండా ఉంది. దొంగకి ఇంగ్లీషు బాగానే వచ్చు అనుకున్నాను.

కాగితం ఎక్కడిదని అడిగితే, డోన్‌లో స్టేషను దగ్గర శెట్టి అంగట్లో రూపాయికి ఇచ్చారన్నాడు. దాన్ని గోడ మీద నుంచి పీకేశాను. మద్దిలేటి వద్దనలేదు. నాలుగు గుండుసూదులూ ఏరుకుని డబ్బాలో వేసుకుని, వేరే కాగితం ఇస్తే గుచ్చుకుంటానన్నాడు. ఇవ్వడానికి నా దగ్గర మూడు వందల పేజీలు ఉన్నాయి గానీ ఒక కాగితం లేదు.

డోన్

మర్నాడు డోన్‌లో దిగేసరికి రంగయ్య శెట్టిని ఏమని కడిగేయాలో వాక్యాలతో సహా సిద్ధం చేసుకున్నాను. అంగడి సగం కిరాణా, సగం ఇంటర్నెట్. బెల్లం అచ్చులూ చింతపండూ ఒకవైపు, రెండు కంప్యూటర్లూ జిరాక్సు మిషనూ ఒకవైపు. శెట్టికి అరవై పైన ఉంటాయి. కిరాణా ఆయన చూసుకుంటాడు, ఇంటర్నెట్ కోడలు పద్మావతి చూసుకుంటుంది.

కాగితం బల్ల మీద పరిచి, ఇలాంటివి అమ్ముతున్నందుకు సిగ్గులేదా అన్నాను. ఎక్కాల పుస్తకం కొనుక్కోవడానికి వచ్చినావిడ కూడా తిరిగి చూసింది. శెట్టి తొణకలేదు. పద్మావతి చేత ఒక లావుపాటి ఫైలు తెప్పించి నా ముందు పెట్టించాడు.

ఆ ఫైలు చూస్తేగానీ వాళ్ళ వ్యాపారం అర్థం కాలేదు. అక్కడ ఇంటర్నెట్ ఫోను తీగ మీద వస్తుంది. ఒక పేజీ రావడానికి ఒక టీ తాగి రావచ్చు. గంటకి పాతిక రూపాయలు పెట్టి ఎవరు కూర్చుంటారు? అందుకని ఎవరైనా ఒక ప్రశ్నతో వస్తే పద్మావతి ఒక్కసారి వెతికి, మొదట వచ్చిన పేజీని ప్రింటు తీసి ఫైల్లో పెడుతుంది. ఆ తర్వాత అదే ప్రశ్నతో ఎవరు వచ్చినా ఫైల్లోంచి తీసి జిరాక్సు ఇస్తారు. పాస్‌పోర్టు ఎలా, పాము కరిస్తే ఎలా, డీఎస్సీకి ఏం చదవాలి, ప్రింటరు పనిచేయకపోతే ఎలా. రాసేవాళ్ళం మేము ఎక్కడో కూర్చుని రాస్తాం. సీమలో సగం ఊళ్ళకి అది ఈ ఫైలు గుండానే చేరుతుంది.

ఈ కాగితం కూడా అలాగే ఇంటర్నెట్‌లో దొరికిందంది పద్మావతి. దొరకదు, నేను వెతికి చూపిస్తాను జరగమని, నేనే కూర్చుని మా కొత్త పేజీ పేరు కొట్టాను. ఆర్కైవల్ రిట్రీవల్ ఆఫ్ ఇండెంట్ రిజిస్టర్, అంటే జాబితాని నకలు నుంచి తిరిగి తెచ్చుకోవడం. కాసేపటికి నాలుగో వెర్షన్ పేజీ మొదటి వరసలో వచ్చింది. చూశారా అన్నాను.

"అట్ల ఎవురు అడుగుతారు మేడమ్?" అంది పద్మావతి.

ఆమె కీబోర్డు తన వైపు లాక్కుని, సంఘాలవాళ్ళు అడిగినట్టు కొట్టింది. సీడ్ లిస్ట్, డేటా పోయింది, బ్యాకప్, ఎట్లా. ఇంగ్లీషూ తెలుగూ కలిపి ఇంగ్లీషు అక్షరాల్లో. మొదటి వరసలో ఒక పేజీ వచ్చింది. నొక్కితే అవే నాలుగు వాక్యాలు. పైన చిరునామా చూస్తే మా కంపెనీదే.

ఆ పేజీ నేను రాసిందే. ఆరేళ్ళ కిందట ఉద్యోగంలో చేరిన కొత్తలో, మూడో వెర్షన్ కోసం. అప్పట్లో నన్ను అడిగేవాడు లేడు కాబట్టి మనుషులు మాట్లాడుకునే మాటల్లో రాశాను. ఆ తర్వాత వచ్చిన మేనేజరు, అలా రాస్తే చవగ్గా ఉంటుంది, బరువైన మాటలు వాడు అన్నాడు. సరేనని బరువెక్కించాను. జనం వెతికే మాటలు ఒక్కటీ కొత్త పేజీలో లేకపోతే అది ఎలా దొరుకుతుంది? వాళ్ళ మాటలున్న పాత పేజీయే దొరుకుతుంది. నేను మాత్రం నా పేజీని నా మాటలతో నేనే వెతుక్కుని, దొరికింది కదా అని ఇన్నాళ్ళూ మురిసిపోయాను.

అంతటితో అయిపోలేదు. మా వెబ్‌సైటులో ప్రతి పేజీకీ రెండు ముక్కలు. పైన ఒక పట్టీ ఉంటుంది, మూడో వెర్షన్‌కి మాత్రమే అన్న మాట అందులో ఉంటుంది. అసలు విషయం కింది ముక్కలో ఉంటుంది. మా ముందు పేజీ నుంచి లోపలికి వచ్చేవాళ్ళకి రెండూ కనిపిస్తాయి. వెతికి వచ్చేవాళ్ళు పెరటి గోడ దూకి వచ్చినట్టు నేరుగా కింది ముక్కలో పడతారు, పైపట్టీ వాళ్ళకి కనబడనే కనబడదు. నేను ఎప్పుడూ ముందు నుంచే వెళ్ళేదాన్ని కాబట్టి ఒక్కసారీ గమనించలేదు.

నా మొహం చూసి శెట్టికి విషయం అర్థమైనట్టుంది. ఎగతాళి చేయలేదు, అది ఇంకా బాధ.

"పంచాంగం మీద గూడా ఏ ఏటిదో ఏసింటారు గదమ్మా. ఈడ మీ కంపెనీ పేరుండాదని నమ్మితిమి," అన్నాడు.

ఫైల్లోంచి ఆ కాగితం తీసేయమని బతిమాలాను. తీసేస్తానన్నాడు గానీ, రేపు ఎవరైనా వస్తే ఏమివ్వాలని అడిగాడు. ఆ మాటతో నాకు బుర్రలో వెలిగింది. పాత పేజీని వెబ్‌సైటు నుంచి పీకేస్తే లాభం లేదు. వెతికేవాళ్ళకి ఖాళీ పేజీ కనిపిస్తుంది, వాళ్ళు తిరిగి ఏ ఫైల్లోని పాత కాగితమో పట్టుకుంటారు. జనం అలవాటు పడ్డ ఆ చిరునామాలోనే సరైన సంగతి పెట్టాలి. జనం అడిగే మాటల్నే దానికి పేరు పెట్టాలి. ఏ వెర్షనుదో పట్టీలో కాదు, మొదటి వాక్యంలోనే చెప్పాలి.

బయటికి వచ్చి మేనేజరుకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని, పాత పేజీ సంగతి ఎవరి దగ్గరా ఎత్తొద్దన్నాడు. "నాలుగో వెర్షన్ పుస్తకంలో అలా లేదు కదా? లేదనే రాసివ్వు. అందులో అబద్ధం ఏముంది?" అన్నాడు.

అబద్ధం లేదు. అక్షరం అక్షరం నిజం. ఆ నిజంతో రాయచోటిలో ఒక మనిషి ఉద్యోగం పోతుంది. స్టేషను ముందు ఎండలో నిలబడి, పొద్దున శెట్టి కోసం సిద్ధం చేసుకున్న తిట్లన్నీ నన్ను నేనే తిట్టుకున్నాను.

కడప దారి

డోన్ నుంచి కడపకి బస్సులో కిటికీ అద్దం నిలవక ప్రతి గుంతకీ దబ్బున పడుతోంది. రెండుసార్లు నా మోచేతి మీద పడింది. కండక్టరు నా సంచీలోంచి తొంగిచూస్తున్న పుస్తకాన్ని అడిగి తీసుకుని, అద్దం కింద దోపాడు. కడప దాకా అద్దం కదల్లేదు. మా పుస్తకం ఒకరికి పనికిరావడం నా కళ్ళతో చూసింది అదే మొదలు.

పక్క సీటులో ఒక పెద్దావిడ ఒళ్ళో వేయించిన వేరుశనగలు పోసుకుని, నాకు ఒకటి, తనకు ఒకటి చొప్పున ఒలుస్తూ కూర్చుంది. కర్నూలు వైపు వాటిని బుడ్డలంటారు, కడప దగ్గరయ్యేకొద్దీ చెనిక్కాయలు అవుతాయి. బయట ఎర్రనేలలు దున్ని సిద్ధంగా ఉన్నాయి గానీ ఎక్కడా విత్తుతున్నవాళ్ళు లేరు. ఎందుకని అడిగితే, వాన పడి మూడు రోజులైంది, విత్తనం ఇంకా చేతికి రాలేదు అంది. మా వైపు జూన్‌లో కాలవకి నీళ్ళు ఎప్పుడొదులుతారా అని చూస్తారు. ఈ వారం కాకపోతే వచ్చే వారం వస్తాయి. ఇక్కడ కాలవ లేదు. వాన పడ్డాక నేలలో తడి నాలుగైదు రోజులే నిలుస్తుంది. దాన్ని పదును అంటారు. ఆ పదునులో విత్తనం పడకపోతే, ఇంకో వాన దయ తలచాలి. జాబితాలు పోయాయని జూన్‌లో వచ్చే ఫోన్ల వెనక ఉన్నది ఇదని ఆరేళ్ళలో మాకెవరికీ తెలియదు. తెలుసుకుందామని ఎవరూ అనుకోలేదు కూడా.

కడపలో రాత్రి పడుకుని, పొద్దున కారందోశ తిన్నాను. పైన ఎర్రకారం పూసి, దాని మీద పప్పులపొడి. పది రూపాయలకి రెండు. రాయచోటి బస్సు గువ్వలచెరువు ఘాట్‌రోడ్డు ఎక్కాక పాలకోవా అంగళ్ళ దగ్గర ఆగింది. కోవా కొనుక్కుని వచ్చేలోపు బస్సు కదిలిపోయింది. చెప్పు తెగేలా పరిగెత్తాను, నిజంగానే తెగింది. ఒక చెప్పుతో, ఒక కోవా పొట్లంతో రాయచోటిలో దిగాను.

రాయచోటి

సంఘం ఆఫీసు అరుగు మీద ముప్ఫై నలభైమంది రైతులు. మధ్యలో చాప మీద పాతికేళ్ళ అమ్మాయి కూర్చుని, పొడుగు నోటుబుక్కులో పేర్లు రాస్తోంది. ఊరు, తండ్రి పేరు, ఎన్ని మూటలు. గోదాములో విత్తనం దిగి ఉంది, ఎవరికి ఎంతో తేల్చే జాబితా లేక తాళం తీయలేదు. ఆపరేటరు రెడ్డెమ్మ ఎక్కడ ఉంటుందని ఆ అమ్మాయినే అడిగాను. తల ఎత్తకుండా తానేనంది.

పనిలోకి రావద్దని ఆమెకి చెప్పి వారమైంది. లోపల కుర్చీలో కూర్చోనివ్వడం లేదు. అయినా రోజూ ఎనిమిది మైళ్ళు బస్సులో వచ్చి, అరుగు మీద చాప వేసుకుని, పోయిన జాబితాని చేత్తో మళ్ళీ రాస్తోంది. జీతం లేదు. ఆ రైతుల్లో సగంమంది ఆమె ఊరివాళ్ళే. వాళ్ళు ఆమెతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడటం లేదు.

సెక్రటరీ నన్ను లోపలికి పిలిచి, కమిటీ రేపు పదకొండింటికి కూర్చుంటుంది, ఆలోపు కాగితం ఇవ్వమన్నాడు. నిష్ఠూరంగా మాట్లాడే మనిషి కాదు. చదువుకున్న పిల్లే గానీ, చదవకుండా తొందరపడింది అన్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ రెడ్డెమ్మ అప్పుడు నోరు విప్పింది.

"సదివినా సార్. సదివినందుకే పోయింది," అంది.

సంచీలోంచి ఒక చిన్న నోటుబుక్కు తీసి నా చేతికిచ్చింది. ఇక్కడి ఇంటర్నెట్ అంగట్లో కూర్చుని, ప్రింటు తీయించుకోకుండా, తెర మీద చూస్తూ రాసుకుంది. పైన మా కంపెనీ పేరు. కింద నా నాలుగు వాక్యాలు ముత్యాల్లాంటి అక్షరాల్లో, తెలియని ఇంగ్లీషు మాటల పక్కన పెన్సిలుతో తెలుగు అర్థాలు. ఫైళ్ళన్నీ అన్న చోట అన్నీ అనే మాట కింద రెండు గీతలు. ఒక్క ఫైలు కూడా మిగలకూడదని అంత జాగ్రత్తపడి చేసింది. నా రాతని ఇంత శ్రద్ధగా చదివిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. ఆమెను తీసేయమని కాగితం రాసివ్వడానికి నన్ను పంపారు. నాకు ఏడుపు రాలేదు. అక్కడే ఎవరినైనా కొట్టాలనిపించింది, కొట్టదగ్గవాళ్ళలో ముందు వరసలో నేనే ఉన్నాను.

కమిటీ

మర్నాడు కమిటీలో అయిదుగురు కూర్చున్నారు. రాత్రి లాడ్జిలో తెల్లకాగితం మీద రాసిన ఉత్తరం ఇచ్చాను. సెక్రటరీ పైకి చదివాడు. ఈ పేజీ రాసింది నేను, ఇది మా వెబ్‌సైటులో ఈ రోజుకూ ఉంది, మీ దగ్గరున్న వెర్షన్‌కి ఇది తప్పు, ఆ సంగతి చదివేవాళ్ళకి తెలిసేట్టు మేం ఎక్కడా రాయలేదు, రెడ్డెమ్మ మేం చెప్పింది చెప్పినట్టు చేసింది. అంతే రాశాను. సెక్రటరీ కంపెనీ ముద్ర ఉందా అని అడిగాడు. లేదన్నాను. మీ పైవాళ్ళు ఊరుకుంటారా అన్నాడు. ఊరుకోరన్నాను. ఊరుకోలేదు కూడా, నా ఉద్యోగం సంగతి ఈ రోజుకీ తేలలేదు.

వాళ్ళలో పెద్దవాడు ఓబులేసు. చదువురాదని తనే చెప్పాడు. ఉత్తరం రెండోసారి చదివించుకుని విన్నాడు. తప్పు రాసినవాళ్ళే ఒప్పుకున్నాక ఆ పిల్లని అనడానికి ఏముంది అన్నాడు. మిగతావాళ్ళు తలూపారు. రెడ్డెమ్మని కుర్చీలో కూర్చోమన్నారు. వెంటనే ఆమె నోటుబుక్కు చూసి విత్తనం ఇవ్వడం మొదలుపెట్టమని గోదాము తాళం తీయించారు.

నేను లేచి దండం పెట్టబోతుంటే ఓబులేసు నా వైపు తిరిగాడు.

"పాప ఉంటాది, సరే. మా పదును ఆరిపాయ గదమ్మా. దాన్ని ఎవురు తెచ్చిస్తారు?"

కోపంగా అనలేదు, అడిగాడంతే. ఆయన తువ్వాలు దులుపుకుని విత్తనం మూటల దగ్గరికి వెళ్ళిపోయాడు.

రెడ్డెమ్మ కుర్చీ పక్కన

మధ్యాహ్నానికి రద్దీ తగ్గింది. వెబ్‌సైటులో పేజీలు మార్చే పాస్‌వర్డ్ నా దగ్గర ఉంది. ఎవరినీ అడగకుండా ఆ పూటే పేజీ మార్చేయాలనుకున్నాను. రెడ్డెమ్మ పక్కన స్టూలు వేసుకుని, తెల్లకాగితం తీసి, జాబితా పోయినప్పుడు నువ్వు ఏ మాటలతో వెతికావో చెప్పమన్నాను. చెప్పింది. అవే పేజీకి పేరుగా రాసుకున్నాను. కింద మొదటి వాక్యం, ఇది నాలుగో వెర్షన్‌కి, ఏదీ తుడవొద్దు అని. రెండో వాక్యం నకలు ఉండే చోటు గురించి. నాకు కంఠతా వచ్చిన సంగతే కాబట్టి చకచకా రాసుకుపోతున్నాను.

రెడ్డెమ్మ నా కాగితం మీద చెయ్యి పెట్టింది. ముందు చేసి చూపించమంది.

నేను రాసింది సరైనదే, అనుమానం అక్కర్లేదు అన్నాను. ఆమె వాదించలేదు. పది పేర్లు కొట్టి, నకలు తీసి, ఆ పదింటినీ నోటుబుక్కులో ఉన్నాయో లేదో సరిచూసుకుంది. తర్వాత ఒక పేరు కావాలని చెడగొట్టింది. లేచి నాకు కుర్చీ ఇచ్చి, నా కాగితం తన చేతిలోకి తీసుకుని, ఒక్కో వాక్యం చదవడం మొదలుపెట్టింది.

మొదటి వాక్యం చదివింది, సరే. రెండో వాక్యం చదివింది. నకలు ఉంటుందని నేను రాసిన చోటికి వెళ్ళాను. అక్కడ ఏమీ లేదు. మళ్ళీ చూశాను. మా కంపెనీ నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ ఎక్కించినవాడు, ఈ మిషన్లో చోటు చాలక డేటా ఫోల్డర్‌ని మొత్తంగా వేరే డ్రైవులో పెట్టి వెళ్ళాడు. ఎక్కడో హైదరాబాదులో నా మిషన్లో ఉన్నట్టు ఇక్కడ ఉండదని నాకు తోచలేదు. ఆరేళ్ళుగా రాస్తున్నాను, నా వాక్యం పట్టుకుని వాడేవాళ్ళ మిషన్ ముందు ఒక్కసారీ కూర్చోలేదు. వెనక రైతులు ఇద్దరు నిలబడి చూస్తున్నారు. రెడ్డెమ్మ తొందరపెట్టలేదు, సాయమూ చేయలేదు. కాగితం పట్టుకుని నిలబడింది.

గంట పట్టింది. రెండుసార్లు దారి తప్పి, మూడోసారి నకలు ఉన్న చోటు దొరికింది. అక్కడి నుంచి ఎక్కించాను. చెడిపోయిన పేరు బాగై వచ్చింది. రెడ్డెమ్మ పది పేర్లనీ నోటుబుక్కుతో ఒక్కొక్కటే పోల్చుకుంది. తర్వాత నేను రాసిన కాగితాన్ని మడిచి చెత్తబుట్టలో వేసి, కొత్తది నా ముందు పెట్టింది.

"ఇప్పుడు రాయండి," అంది.